ఆమెకు తలసీమియా ట్రెయిట్, ఆయనకు సికిల్ సెల్ ట్రెయిట్: పిల్లల సంగతేమిటి?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, మావారికి 31. పిల్లల కోసం ప్రయత్నించేముందు ఇద్దరం రక్తపరీక్షలు చేయించుకున్నాం. నా రిపోర్టులో హిమోగ్లోబిన్ 10.6, ఎంసీవీ (ఎర్ర కణాల సగటు సైజు) 65, హెచ్‌బీ ఏ2 అనే రకం హిమోగ్లోబిన్ 5.3 శాతం. బీటా తలసీమియా ట్రెయిట్ అన్నారు. ఆయనకు హెచ్‌బీ ఎస్ (సికిల్ రకం హిమోగ్లోబిన్) 37 శాతం, సికిల్ సెల్ ట్రెయిట్ అన్నారు. ఇద్దరివీ వేర్వేరు జబ్బులు కాబట్టి పిల్లలకేమీ కాదని తెలిసినవాళ్లొకరు చెప్పారు. ఐవీఎఫ్ గురించి ఒకచోట అడిగితే, పిండంలోనే జన్యువును క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో సరిచేసే పద్ధతి వచ్చిందని, కావాలంటే కనుక్కుంటామని అన్నారు. ఏది నమ్మాలి? అలా చేయించుకోవడం తప్పా? ఇంకో మాట. మా ఆడపడుచు ఇప్పుడు ఎనిమిది వారాల గర్భవతి. కంగారుపడుతుంది, ఆమెకు చెప్పొద్దని మా అత్తయ్య అంటున్నారు. చెప్పాలా, వద్దా?

జవాబు: ముందు మీ ఆడపడుచు సంగతి చూద్దాం. మిగతావాటికి నెలలు ఆగినా ఫరవాలేదు, దానికి ఆగడానికి వీల్లేదు. తలసీమియా, సికిల్ సెల్ రెండూ వారసత్వంగా వచ్చే రక్త జబ్బులు. ట్రెయిట్ అంటే జబ్బు కాదు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చే రెండు జన్యు కాపీల్లో ఒకటే చెడి ఉండటం. మీవారికి సికిల్ జన్యువు ఉందంటే అది వాళ్లమ్మ నుంచో నాన్న నుంచో వచ్చి ఉండాలి. అదే జన్యువు చెల్లెలికీ వచ్చి ఉండే అవకాశం సగానికి సగం. ఆమెకూ ఉండి, ఆమె భర్తకూ ఇలాంటి లోపమే ఏదైనా ఉంటే, కడుపులో బిడ్డకు జబ్బు ఉందో లేదో తెలుసుకునే తొలి పరీక్ష 11 నుంచి 14 వారాల మధ్య చేస్తారు. ఈలోపల రక్తపరీక్షలు, వాటిని బట్టి డీఎన్‌ఏ పరీక్షలు పూర్తి కావాలి. 15 వారాలు దాటాక ఉమ్మనీటి పరీక్ష ఉంది కానీ, అంతదాకా వెళ్తే నిర్ణయానికి మిగిలే సమయం తగ్గిపోతుంది. అందుకని ఈ వారమే చెప్పండి.

మీరు కాదు, మీవారు చెప్పాలి. అది ఆయన రిపోర్టు, ఆమె ఆయన చెల్లెలు. "నాకు సికిల్ ట్రెయిట్ ఉందని తేలింది. నాకు జబ్బేమీ లేదు. నీకూ ఉండొచ్చు. నువ్వూ బావగారూ ఇద్దరూ ఒకేసారి పరీక్ష చేయించుకోండి" అంటే చాలు. మామూలుగా ముందు ఆమెకు చేసి, ఉందని తేలితేనే భర్తకు చేస్తారు. గర్భం ఉన్నప్పుడు అలా ఒకరి తర్వాత ఒకరికి చేస్తే రెండు వారాలు వృథా. ఏ పరీక్ష అన్నది కూడా స్పష్టంగా చెప్పండి: సీబీసీ (రక్తకణాల లెక్క), హెచ్‌పీఎల్‌సీ (హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచేది), రెండూ. సికిలింగ్ టెస్టు లేదా సాల్యుబిలిటీ టెస్టు అని ఒకటి చవకగా చేస్తారు. అది హెచ్‌బీ ఎస్ ఉందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. ట్రెయిటా జబ్బా అన్నది చెప్పలేదు, తలసీమియా ట్రెయిట్‌ను అసలు పట్టుకోలేదు. మీ తలసీమియా విషయం ఆమెకు చెప్పాల్సిన పని లేదు. అది మీ పుట్టింటివైపు నుంచి వచ్చింది, మీ అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ మాత్రం చెప్పండి.

అత్తయ్యగారి భయం వెనక చాలాసార్లు ఇంకో భయం ఉంటుంది, తప్పు తన మీదికి వస్తుందేమోనని. ఎవరూ ఎంచుకుని ఇచ్చింది కాదని, ఏ పక్క నుంచి వచ్చిందో తేల్చాల్సిన అవసరమే లేదని ఆమెకు చెప్పండి. కూతురు కంగారుపడుతుందన్నది నిజమే. అయితే తెలిసీ చెప్పలేదని తర్వాత తెలిస్తే పడే బాధ అంతకన్నా పెద్దది.

ఇక మీ సంగతి. "వేర్వేరు జబ్బులు కాబట్టి ఏమీ కాదు" అన్నమాట తప్పు, అదీ ప్రమాదకరమైన తప్పు. పేర్లు రెండు, చెడింది మాత్రం ఒకే జన్యువు. ఎలాగో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే క్రిస్పర్ గురించి మీరు విన్నదాన్ని తూచుకోవడానికి కూడా ఇదే కావాలి.

మన ఒక్కో కణంలో 23 జతల క్రోమోజోములుంటాయి. ఒక్కో జతలో ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. ఒక సెట్టులో సుమారు 310 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలు ఉంటాయి. ఏ, టీ, జీ, సీ అనే నాలుగే అక్షరాలు. అందులో ప్రోటీన్లు తయారుచేయించే జన్యువులు సుమారు 20,000. వాటిలో ఒకటి 11వ క్రోమోజోమ్ మీద ఉన్న హెచ్‌బీబీ. పొడవు 1,600 అక్షరాలు, అంతే. ఎర్ర రక్తకణాల్లో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి కదా, ఆ బీటా గొలుసు తయారీకి ఆదేశం ఈ జన్యువే. శరీరంలోని దాదాపు అన్ని కణాల్లోనూ ఈ జన్యువు ఉంటుంది. దాన్ని చదివి వాడుకునేది మాత్రం ఎముక మజ్జలో ఎర్ర కణాలుగా మారబోతున్న కణాలే. చదివే తీరు ఇలా ఉంటుంది: జన్యువుకు ఒక ఆర్‌ఎన్‌ఏ నకలు తయారవుతుంది, అందులో అక్కర్లేని రెండు ముక్కలను కత్తిరించి మిగతా మూడు ముక్కలను అతికిస్తుంది కణం, ఆ తర్వాత మూడేసి అక్షరాలకు ఒక అమైనో ఆమ్లం చొప్పున 146 అమైనో ఆమ్లాల గొలుసు తయారవుతుంది.

మీవారి రెండు హెచ్‌బీబీ కాపీల్లో ఒకదానిలో, ఆరో అమైనో ఆమ్లానికి చెందిన జీఏజీ అన్నచోట జీటీజీ అని ఉంది. ఒక్క అక్షరం. దాంతో గ్లుటామిక్ ఆమ్లం రావలసిన చోట వాలిన్ వచ్చి కూర్చుంటుంది. వాలిన్ నీటికి దూరంగా ఉండే రకం కాబట్టి, ఆక్సిజన్ తగ్గిన చోట ఈ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి దారాలుగా పేరుకుంటాయి. కణం కొడవలిలా వంగి గట్టిపడుతుంది, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. మామూలు ఎర్ర కణం 120 రోజులు బతికితే ఇది 10 నుంచి 20 రోజులకే చితికిపోతుంది. మీవారికి రెండో కాపీ బాగుంది గనక కణంలో సగానికి పైగా మంచి హిమోగ్లోబినే ఉంది, దారాలు పేరుకోవు. ఆయన ఆరోగ్యంగానే ఉంటారు. నీళ్లు తాగకుండా విపరీతంగా శ్రమపడటం మానుకుంటే, మూత్రంలో రక్తం కనిపిస్తే డాక్టరుకు చెబితే చాలు.

మీ దాంట్లో గొలుసు ఆకారం చెడలేదు, ఒక కాపీ నుంచి వచ్చే గొలుసు తక్కువగా వస్తోంది లేదా అసలు రావడం లేదు. దీనికి ఒకటే కారణం ఉండదు. హెచ్‌బీబీలో బీటా తలసీమియాకు దారితీసే మార్పులు 300కు పైనే తెలుసు. కొన్ని ఆదేశాన్ని మధ్యలోనే ఆపేస్తాయి, కొన్ని ఆర్‌ఎన్‌ఏను కత్తిరించే చోటును తప్పుదారి పట్టిస్తాయి. బీటా గొలుసు తగ్గడంతో, దాని పక్క జన్యువు చేసే డెల్టా గొలుసు వాటా పెరుగుతుంది. హెచ్‌బీ ఏ2 అంటే ఆ డెల్టా గొలుసులున్న హిమోగ్లోబినే, మీ రిపోర్టులో అది 3.5 దాటి 5.3కి వెళ్లింది అందుకే. ఎంసీవీ 65 ఉంది కదా అని ఐరన్ మాత్రలు మొదలుపెట్టకండి. ముందు ఫెరిటిన్ (శరీరంలో ఐరన్ నిల్వను చెప్పే రక్తపరీక్ష) చూడాలి. లోపం ఉంటేనే ఐరన్, లేకపోతే వద్దు. ఐరన్ లోపం బాగా ఉన్నవాళ్లలో ఏ2 కాస్త తగ్గి ట్రెయిట్ మరుగున పడుతుంది కూడా. మీ విషయంలో అలాంటి సందేహం లేదు.

ఇప్పుడు లెక్క. మీరు మీ రెండు కాపీల్లో ఒకటి ఇస్తారు, ఆయన ఆయన రెండింట్లో ఒకటి ఇస్తారు. నాలుగింట ఒక వంతు అవకాశంతో రెండూ మంచివే వస్తాయి. ఒక వంతుతో బిడ్డ మీలాగా, ఒక వంతుతో ఆయనలాగా. మిగిలిన ఒక వంతులో మీ తలసీమియా కాపీ, ఆయన సికిల్ కాపీ కలిసి వస్తాయి. అప్పుడు మంచి కాపీ అన్నదే ఉండదు. దీన్ని సికిల్-బీటా తలసీమియా అంటారు. ఇది ట్రెయిట్ కాదు, జబ్బే. ఈ పాతిక శాతం ప్రతి గర్భానికీ కొత్తగా వర్తిస్తుంది. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురూ క్షేమం అనుకోవడానికి లేదు, మొదటి ఇద్దరూ బాగున్నారు కాబట్టి మూడో బిడ్డకు వస్తుందనీ లేదు.

ఆ జబ్బు ఎంత తీవ్రంగా ఉంటుందన్నది మీ కాపీని బట్టి ఉంటుంది. దాని నుంచి బీటా గొలుసు బొత్తిగా రాకపోతే బిడ్డకు వచ్చేది రెండు సికిల్ కాపీలున్న జబ్బు అంత తీవ్రమైనది. కొంతైనా వస్తుంటే చాలామందిలో తేలిగ్గా ఉంటుంది. హెచ్‌పీఎల్‌సీ ఈ తేడా చెప్పలేదు. కాబట్టి మీరు మొట్టమొదట చేయించుకోవాల్సింది హెచ్‌బీబీ జన్యువు పూర్తి సీక్వెన్సింగ్ (అక్షరం అక్షరం చదవడం), దాంతోపాటు అక్కడ పెద్ద ముక్కలేమైనా ఎగిరిపోయాయేమో చూసే పరీక్ష, ఆల్ఫా జన్యువుల పరీక్ష. మీవారికీ ఇవే. రిపోర్టులో "తలసీమియా మైనర్" (ట్రెయిట్‌కే ఇంకో పేరు) అని మాత్రమే రాసి ఇస్తే తీసుకోకండి. ఏ మార్పు, జన్యువులో ఏ స్థానంలో, అది గొలుసును పూర్తిగా ఆపేదా తగ్గించేదా అన్నది రాసి ఉండాలి. ఆ ఒక్క లైను లేకుండా తర్వాతి పరీక్షలు ఏవీ ముందుకు సాగవు. ఇద్దరిలో ఎవరైనా ఈ మధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే హెచ్‌పీఎల్‌సీ అంకెలు నమ్మడానికి లేదు, కనీసం మూడు నెలలు ఆగి మళ్లీ చేయించాలి.

ఇక దారులు. మామూలుగానే గర్భం దాల్చి, 11 నుంచి 14 వారాల మధ్య కోరియానిక్ విల్లస్ పరీక్ష చేయించుకోవడం ఒకటి. స్కానింగ్‌లో చూస్తూ సన్నటి సూదితో మాయ నుంచి కొద్దిగా కణజాలం తీస్తారు. బిడ్డను తాకరు. మాయ, బిడ్డ ఒకే పిండం నుంచి వచ్చినవి కాబట్టి జన్యువు ఒకటే. దీనివల్ల గర్భం పోయే ప్రమాదం అనుభవజ్ఞుల చేతుల్లో ఒక శాతం కన్నా తక్కువ. ఇక్కడ జరిగే అసలు పొరపాటు సూదిది కాదు, ల్యాబుది. తీసిన ముక్కలో తల్లి కణాలు కలిసిపోతే మీ జన్యువునే చదివి బిడ్డదిగా చెప్పేస్తారు. మీకు ట్రెయిట్ ఉంది గనక రిపోర్టు "ట్రెయిట్ మాత్రమే" అని వచ్చి, జబ్బున్న బిడ్డను ఆరోగ్యంగా ఉన్నట్టు చూపించే ప్రమాదం ఉంది. అందుకని తల్లి కణాలు కలవలేదని నిర్ధారించారా అని అడగండి, రిపోర్టులో ఆ మాట ఉండాలి. మీది నెగెటివ్ బ్లడ్ గ్రూపు అయితే ఆ రోజే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి అడగండి. ఇంకొకటి: గర్భిణులకు మామూలుగా చేసే ఎన్‌ఐపీటీ రక్తపరీక్ష, కేరియోటైప్, స్కానింగ్ ఇవేవీ ఈ జబ్బును చూడవు. ఎన్‌ఐపీటీ నార్మల్ అని వచ్చింది, ఇక దిగుల్లేదు అనుకుని ఆగిపోయే జంటలున్నారు. అది క్రోమోజోముల సంఖ్యను లెక్కబెడుతుంది, మీకు కావాల్సింది ఒక అక్షరం.

రెండో దారి ఐవీఎఫ్ చేయించుకుని పిండాన్ని గర్భంలో పెట్టకముందే పరీక్షించడం, పీజీటీ-ఎం అంటారు. సుమారు పది పన్నెండు రోజుల ఇంజెక్షన్ల తర్వాత అండాలు తీసి, ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో పంపుతారు. అయిదో రోజుకో ఆరో రోజుకో పిండం వందకు పైగా కణాలతో చిన్న బంతిలా తయారవుతుంది. దాని పైపొరలో, అంటే మాయగా మారబోయే భాగంలో, అయిదు నుంచి పది కణాలు తీసి ల్యాబుకు పంపి, పిండాన్ని గడ్డకట్టించి దాస్తారు. ఒక కణంలో ఉండే డీఎన్‌ఏ ఆరు పికోగ్రాములు, అంటే గ్రాములో లక్ష కోట్ల వంతులు ఆరు. అంత కొంచెం నుంచి లక్షల నకళ్లు తీయాలి. తీసేటప్పుడు రెండు కాపీల్లో ఒకటి నకలు కాకుండా జారిపోవడం జరుగుతుంటుంది, చెడ్డ కాపీ జారిపోతే పిండం బాగున్నట్టే కనిపిస్తుంది. దీనికి విరుగుడుగా మంచి ల్యాబులు మార్పు ఉన్న ఆ ఒక్క అక్షరాన్నే కాకుండా, దానికి అటూ ఇటూ ఉన్న గుర్తులనూ చూస్తాయి. ఆ గుర్తుల్లో ఏవి మంచి కాపీతో నడుస్తున్నాయో, ఏవి చెడ్డ కాపీతో నడుస్తున్నాయో తెలియడానికి మీ ఇద్దరి రక్తంతోపాటు మీ తల్లిదండ్రులదో తోబుట్టువులదో కూడా అడుగుతాయి. కేవలం ఒక్క అక్షరం చూసి చెప్పేస్తాం, ఇంకెవరి రక్తమూ అక్కర్లేదు అనే చోట గుర్తుల సంగతి ఏం చేస్తారని గట్టిగా అడగండి. ఇంత చేసినా గర్భం నిలిచాక విల్లస్ పరీక్షతోనో ఉమ్మనీటి పరీక్షతోనో సరిచూసుకోమనే చెబుతారు, అది సరైన సలహా.

పది అండాలు తీస్తే ఏడెనిమిది ఫలదీకరణ చెంది, మూడు నాలుగు మాత్రమే అయిదో రోజుదాకా నిలవడం మామూలే. ఆ నాలుగింటిలో సగటున ఒకదానికి జబ్బు ఉంటుంది. మిగతా మూడింటిలో రెండు ట్రెయిట్ ఉన్నవై ఉంటాయి. ఇక్కడ చాలామంది "ట్రెయిట్ కూడా వద్దు" అంటారు. అలా అంటే నాలుగింటిలో మూడు పక్కన పడేసినట్టే. మీరిద్దరూ ట్రెయిట్‌తోనే పుట్టి పెరిగారు, మీకేం తక్కువైంది? ట్రెయిట్ ఉన్న పిండాన్ని వద్దనడానికి వైద్యపరంగా కారణం లేదు.

ఇప్పుడు క్రిస్పర్. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: పిండంలో జన్యువును సరిచేస్తామని ఎవరన్నా అంటే ఆ సంభాషణ అక్కడితో ఆపండి. అది భవిష్యత్తు వైద్యం కాబట్టి భయపడమని అనడం లేదు. మీకు అది ఏ రకంగానూ పనికిరాదు కాబట్టి అంటున్నాను.

క్రిస్పర్‌లో రెండు భాగాలుంటాయి. 20 అక్షరాల గైడ్ ఆర్‌ఎన్‌ఏ చోటు వెతుకుతుంది, క్యాస్9 అనే ప్రోటీన్ అక్కడ డీఎన్‌ఏ రెండు పోగులనూ తెంపుతుంది. జెన్నిఫర్ డౌడ్నా, ఎమ్మాన్యుయెల్ షార్పాంటియే 2012లో దీన్ని ఏ చోటుకైనా గురిపెట్టవచ్చని చూపారు, 2020లో నోబెల్ అందుకున్నారు. అయితే క్రిస్పర్ చేసేది తెంపడం వరకే. అతికించేది కణం. కణానికి తొందరగా అతికించే అలవాటు ఎక్కువ, ఆ తొందరలో రెండు మూడు అక్షరాలు పోతాయి లేదా చేరతాయి. మనం పక్కన పెట్టిన సరైన నమూనా చూసి దిద్దుకోవడం తక్కువ. సికిల్ అక్షరం దగ్గర తెంపి, నమూనా ప్రకారం దిద్దుకోకుండా కణం తన పద్ధతిలో అతికించేసిందనుకోండి. హెచ్‌బీబీ ఆదేశం చెడిపోతుంది, గొలుసు రావడం ఆగిపోతుంది. అంటే సికిల్ కాపీని సరిచేయబోయి తలసీమియా కాపీగా మార్చినట్టు.

ఇది ఊహ కాదు. 2015లో చైనాలో సున్ యట్‌సెన్ విశ్వవిద్యాలయం వాళ్లు సరిగ్గా ఇదే జన్యువు మీద ప్రయత్నించారు, బిడ్డగా ఎదగలేని అసాధారణ పిండాల్లో. 86 పిండాలతో మొదలుపెడితే 71 బతికాయి. 54 పరీక్షించారు. 28లో కోత పడింది. నమూనా ప్రకారం దిద్దుబాటు జరిగింది నాలుగింటిలో. ఆ పిండాల్లో కూడా కొన్ని కణాలు మారి, కొన్ని మారకుండా కలగాపులగంగా ఉన్నాయి. ఇంకా చిత్రమేమిటంటే కొన్ని పిండాలు వాళ్లిచ్చిన నమూనాను వదిలేసి, పక్కనే దాదాపు అదే పోలికలో ఉన్న డెల్టా జన్యువును చూసి దిద్దుకున్నాయి. ఆ తర్వాత పరికరాలు బాగా మెరుగుపడ్డాయి, నిజమే. కానీ 2020లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇంకో జన్యువు మీద చేసిన పనిలో, కోత పడిన కొన్ని పిండాలు అతుక్కోక క్రోమోజోమ్ ముక్కనే పోగొట్టుకున్నాయని తేలింది.

ఈ కలగాపులగమే మీరు పట్టుకోవాల్సిన విషయం. పిండం నుంచి తీసిన అయిదారు కణాల్లో జన్యువు బాగుంటే, లోపల మిగిలిన కణాల్లోనూ బాగుందని చెప్పే దారి లేదు. వాటన్నిటినీ పరీక్షిస్తే పిండం మిగలదు. పైగా ఏ పిండాన్ని సరిచేయాలో తెలియాలంటే ముందు ఏ పిండంలో జబ్బుందో తెలియాలి. అది తెలిసిందంటే జబ్బు లేని మిగతా మూడు వంతులూ మీ ఎదురుగా ఉన్నట్టే. వాటిని వదిలి చెడినదాన్ని దిద్దడమెందుకు? ఇద్దరికిద్దరూ జబ్బున్నవాళ్లయి, ఏ పిండమూ మంచి కాపీతో పుట్టే వీలు లేని జంట అడిగితే ఈ ప్రశ్న వేరు. మీరు ఆ స్థితిలో లేరు.

తప్పా అని అడిగారు. తప్పే. "దేవుడి పనిలో వేలు పెట్టడం" లాంటి మాటలతో నేను ఒప్పించబోవడం లేదు. పిండంలో చేసిన మార్పు ఆ బిడ్డ అండాల్లోకీ వీర్యకణాల్లోకీ కూడా వెళ్తుంది, తర్వాతి తరాలకు పోతుంది. తేడా జరిగితే వెనక్కి తీయడానికి లేదు. మందైతే ఆపవచ్చు, దీన్ని ఆపలేం. మేలు ఏమీ లేనిచోట అలాంటి ప్రమాదాన్ని పుట్టబోయేవాళ్ల మీద పెట్టకూడదు. 2018 నవంబరులో హీ జియాన్‌కుయ్ అనే చైనా శాస్త్రవేత్త పిండాల్లో సీసీఆర్5 జన్యువును (హెచ్‌ఐవీ కణంలోకి దూరడానికి వాడుకునే తలుపు లాంటిది) మార్చి కవలలను పుట్టించానని ప్రకటించారు. తండ్రికి హెచ్‌ఐవీ ఉంది. నిజానికి వీర్యాన్ని శుభ్రపరిచి వాడే పాత పద్ధతితోనే బిడ్డలకు హెచ్‌ఐవీ సోకకుండా చూడవచ్చు, ఆ ప్రయోగంలోనూ అదే చేశారు. అంటే జన్యువు మార్చడం వల్ల ఆ పిల్లలకు అదనంగా దక్కింది ప్రమాదం మాత్రమే. 2019 చివర్లో కోర్టు ఆయనకు మూడేళ్ల జైలు, 30 లక్షల యువాన్ల జరిమానా వేసింది.

దీన్నీ, పుట్టిన మనిషికి చేసే జన్యు చికిత్సనూ ఒకే గాటన కట్టకండి. క్యాస్‌జెవీ అనే చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి, 12 ఏళ్లు దాటిన సికిల్ రోగులకు. అందులో హెచ్‌బీబీని ముట్టుకోరు. మనం తల్లి కడుపులో ఉన్నప్పుడు బీటాకు బదులు గామా గొలుసుతో వేరే హిమోగ్లోబిన్ తయారవుతుంది, పుట్టిన కొన్ని నెలలకు ఆగిపోతుంది. దాన్ని ఆపేది బీసీఎల్11ఏ అనే జన్యువు. క్రిస్పర్‌కు తెంపి చెడగొట్టడం బాగా వచ్చు కదా, ఆ ఆపే జన్యువును ఎర్ర కణాల్లో పనిచేయించే చిన్న భాగాన్నే చెడగొడతారు. కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ మళ్లీ మొదలవుతుంది. పద్ధతి తేలిక కాదు: మందులిచ్చి మజ్జలోని మూలకణాలను రక్తంలోకి రప్పించి, యంత్రంతో సేకరించి, బయట సవరించి, తిరిగి ఎక్కించేముందు బుసల్ఫాన్ అనే కీమోతో పాత మజ్జను ఖాళీ చేస్తారు. ఆ కీమో వల్ల పిల్లలు పుట్టే సామర్థ్యం దెబ్బతినవచ్చు, వారాల తరబడి ఆస్పత్రిలో ఉండాలి. ఫలితం మాత్రం గొప్పది. ప్రయోగంలో ఏడాది దాటి గమనించిన 31 మందిలో 29 మందికి వరసగా 12 నెలలు తీవ్రమైన నొప్పి దాడి రాలేదు. అయినా ఆ మనిషి అండాలూ వీర్యకణాలూ మారవు. తన సికిల్ జన్యువును పిల్లలకు అందించే అవకాశం అలాగే ఉంటుంది. తానే ఒప్పుకుని, తన శరీరానికే చేయించుకునే చికిత్స కాబట్టి దీన్ని మనస్ఫూర్తిగా ఆహ్వానించవచ్చు. దీని మీద ఉన్న అభ్యంతరమల్లా, ఈ జబ్బు ఎక్కువగా ఉన్నవాళ్లలో అత్యధికులకు ఇది అందే ధరలో లేదన్నదే. అది చిన్న అభ్యంతరం కాదు.

పిండాలను ఎంచుకోవడం మాత్రం తప్పు కాదా అని మీకు సందేహం రావచ్చు. తీవ్రమైన జబ్బు లేని పిండాన్ని ఎంచుకోవడం తల్లిదండ్రుల హక్కేనని నా అభిప్రాయం. బలవంతం మొదలైన చోట అది చెడుతుంది. 1970లలో అమెరికాలో సికిల్ పరీక్షలు పెద్ద ఎత్తున చేసినప్పుడు, ట్రెయిట్‌కూ జబ్బుకూ తేడా తెలియక ఆరోగ్యవంతులకు ఉద్యోగాలూ బీమా నిరాకరించారు. ఇంట్లో కూడా ఇది జరుగుతుంది. "పరీక్ష చేయించుకోకపోతే బాధ్యత నీదే" అని ఎవరైనా మీతో అంటే వినకండి. ఎంచుకోవడానికీ హద్దుంది. ఎత్తు, తెలివి లెక్కగట్టి పిండానికి మార్కులేస్తామనే సేవలు వస్తున్నాయి. ఒక్క ఎత్తుకే 12,000కు పైగా జన్యు తేడాలతో సంబంధం ఉందని 2022లో 54 లక్షల మంది డీఎన్‌ఏ చూసి తేల్చారు. ఒకే తల్లిదండ్రుల నాలుగు పిండాల మధ్య అలాంటి మార్కుల తేడా దేనికీ పనికిరాదు. డబ్బు పెట్టకండి.

చివరగా, పరీక్షే చేయించుకోకుండా, లేదా జబ్బుందని తెలిసీ బిడ్డను కనాలనుకుంటే అదీ గౌరవించవలసిన నిర్ణయమే. గర్భం తీయించుకునే గడువు చట్టాలు దేశాన్ని బట్టి వేరు కాబట్టి, ఫలితం ఎలా వస్తే ఏం చేస్తామన్నది సూది వేయించుకునే ముందే ఇద్దరూ మాట్లాడుకోండి. కనాలనుకుంటే పుట్టిన మొదటి వారంలోనే బిడ్డ రక్తాన్ని హిమోగ్లోబిన్ పరీక్షకు పంపించాలి. మొదటి ఆరు నెలలూ కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ కాపాడుతుంది కాబట్టి బిడ్డ బాగానే కనిపిస్తుంది, ఆ రూపం చూసి ఆలస్యం చేయకూడదు. తీవ్రమైన రకమైతే రెండు నెలల వయసుకల్లా రోజూ పెన్సిలిన్ మొదలుపెట్టి అయిదేళ్లు నిండేదాకా ఇస్తారు. న్యూమోకాకస్ టీకాలు ఒక్కటీ తప్పకూడదు. తొమ్మిది నెలలు దాటాక హైడ్రాక్సీయూరియా అనే మందు గురించి హెమటాలజిస్టుతో (రక్త జబ్బుల డాక్టరుతో) మాట్లాడండి. రెండేళ్ల నుంచి మెదడు రక్తనాళాలకు ఏటా డాప్లర్ స్కాన్ చేయించాలి, పక్షవాతం ముప్పును ముందే పట్టుకోవడానికి. ప్లీహాన్ని తడిమి చూడటం డాక్టరు దగ్గర నేర్చుకోండి. అది ఉన్నట్టుండి పెరిగి బిడ్డ పాలిపోతే గంటల్లో ఆస్పత్రికి చేరాలి. జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇంట్లో మందు వేసి తెల్లవారేదాకా చూడకండి, అర్ధరాత్రయినా అప్పుడే బయల్దేరండి.